దుగ్గిరాల పసుపు: లోకచరిత్రలో దాని వింతలు

నేటి విజయవాడను మన పెద్దలు బెజవాడ యనెడివారు. అచట తెనాలివైపు పోవు ప్యాసింజరు బండి యెక్కి కృష్ణానదిని దాటినచో, పెదవడ్లపూడి, చిలువూరు స్టేషనులు గడచిన పిదప దుగ్గిరాల వచ్చును. తెనాలి యింకను సుమారు పది కిలోమీటర్ల దూరమున నుండును. వేగముగా పోవు బండ్లు పెక్కు ఇచట ఆగవు. కిటికీయొద్ద కూర్చున్నవారు ఒక కాలువను, అరటితోటలను, పచ్చని చేలను చూచి, చల్లని యూరనుకొని సాగిపోవుదురు. కాని మన పోపులపెట్టెలోను, పూజాపీఠముమీదను, గడపమీదను, పేరంటమునకు వచ్చిన ముత్తైదువ పాదములమీదను ప్రతిదినము కనబడు వస్తువొకటి ఈ యూరినుండి దేశదేశములకు పోవుచున్నది. అదియే పసుపు.

లోకచరిత్రలోని వింతలు వినవలెనన్నచో మనము రోమునగర శిథిలములను గాని ఈజిప్టు సమాధులను గాని వెదకికొని పోనక్కఱలేదు. దుగ్గిరాల మార్కెటు యార్డులో నొక రాశియొద్ద నిలిచి, అందలి కొమ్మొకటి చేతబట్టుకొని, దాని పుట్టుపూర్వోత్తరములు విచారించిన చాలును. ఆ విచారణలో రాణులు వత్తురు, నావికులు వత్తురు, శాస్త్రజ్ఞులు వత్తురు. కడకు అమెరికా దేశపు ప్రభుత్వ కార్యాలయము కూడ వచ్చును.

ముందుగా ఊరిని గూర్చి నాలుగు మాటలు. ఈ ప్రాంతపు సంపదకెల్ల మూలము కృష్ణానది. అయినను ఆ నది యొడ్డుననే యున్న గుంటూరు మండలమున 1832-33లో, నందననామ సంవత్సరమున, దారుణమైన కరవు వచ్చి లక్షకు పైబడి జనులు మరణించిరి. కన్నులయెదుట నది సముద్రమునకు ప్రవహించుచుండగా దాని చెంతనున్న జనులు తిండిలేక నశించుట కంటె విచారకరమైన వింత యేముండును? ఆ పిమ్మట 1852 మొదలు 1855 వఱకు బెజవాడయొద్ద ఆనకట్ట కట్టిరి. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. పడమటి డెల్టాకు నీరు తెచ్చు పెద్దకాలువ దుగ్గిరాలమీదుగనే పోవును. రైళ్లు రాకపూర్వము ఈ కాలువలే రాజమార్గములు. కొమ్మమూరు కాలువమీదుగా బకింగ్‌హాం కాలువలోనికి ప్రవేశించి పడవలు చెన్నపట్టణము వఱకు పోయెడివి.

నీరు వచ్చిన పిదప ఈ మెత్తని నేలలో వరి, అరటి, కందలతోపాటు పసుపు కూడ బాగుగా పండెను. పసుపు తొమ్మిది నెలల పంట. వేసవి చివరను నాటినది సంక్రాంతి దాటిన పిదప త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన దుంపల మన్ను దులిపి, కొమ్ములను కాయలను వేఱుచేసి, పెద్ద పాత్రలలో ఉడికించి, కళ్లములలో పదిపదునైదు దినములు ఎండబెట్టి, పైపొర పోవునట్లు త్రిప్పి మెఱుగు పట్టుదురు. దుంప లేరుటయందును, విఱుచుటయందును, ఆరబోయుటయందును ఎక్కువగా పాటుపడువారు స్త్రీలే. ఆ దినములలో వారి అరచేతులు పెండ్లికూతురి అరచేతులవలె పచ్చగా నుండును. పెండ్లికూతురికి ఆ పసుపు మూడునాళ్ల ముచ్చట. వీరికి మాత్రము అది నెలల తరబడి కూలి.

వ్యవసాయ గ్రంథములలో దుగ్గిరాల యనునది ఊరిపేరు మాత్రమే గాక ఒక పసుపు రకమునకు కూడ పేరు. కడపసీమలోని మైదుకూరు, తెలంగాణములోని ఆర్మూరు కూడ అట్లే తమ పేర్లను పసుపున కిచ్చినవి. తమిళదేశపు ఈరోడు, మహారాష్ట్రమందలి సాంగ్లి, తెలంగాణములోని నిజామాబాదు, మన దుగ్గిరాల - ఈ నాలుగును దేశమున పేరెన్నికగన్న పసుపు విపణులు. యార్డులో రైతులు కొమ్ములు వేఱుగను కాయలు వేఱుగను రాశులు పోయుదురు. వ్యాపారి కొమ్మును విఱిచి లోపలి రంగు చూచును, వాసన చూచును, రెండు కొమ్ములను తాటించి శబ్దమును బట్టి ఎండినది లేనిది గ్రహించును. మన యత్తగారలు అంగడిలో చేయు పరీక్షయు నదియే గదా.

ఇక వింతలకు వత్తము. మొదటి వింత ఈ మొక్క పుట్టుకయందే యున్నది. పసుపు పూయును గాని, సామాన్యముగా గింజ కట్టదు. సృష్టిలో చాల మొక్కలకు జీవకణమునందు క్రోమోజోములనెడి సూక్ష్మతంతువులు రెండు వరుస లుండగా, దీనికి మూడు వరుసలున్నవని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఆ బేసి లెక్కవలన గింజ కుదురుకొనదు. కావున దుంపను నాటిననే పసుపు మొలచును. మఱ్ఱిగింజను కాకి మోయును. జిల్లేడు గింజను గాలి మోయును. పసుపును మనిషియే మోయవలెను. లోకమున ఎచ్చట పసుపు తోట కనబడినను, ఒకానొకప్పు డెవరో దుంపను మూటగట్టుకొని అచటికి పోయియుండిరని నిశ్చయముగా చెప్పవచ్చును.

అట్లు మూటగట్టుకొని పోయినవారు ఎంత దూరము పోయిరో చూడుడు. పసిఫిక్ మహాసముద్రము నడుమ, ఏ ఖండమునకైనను వేలకొలది కిలోమీటర్ల దూరమున, హవాయి ద్వీపములున్నవి. అచటి పూర్వులు దిక్సూచి యంత్రము లేకయే, నక్షత్రములను అలలను గుర్తుపట్టుచు, జంటదోనెలలో ఆ దీవులకు చేరిరి. ఆ దోనెలలో తిండికి చేమదుంపలు, అరటి పిలకలు, చెఱకు ముక్కలతోపాటు పసుపుదుంపలను కూడ తీసికొనిపోయిరి. అచట దాని పేరు ఓలెనా. పడమట ఆఫ్రికా ప్రక్కనున్న మడగాస్కరు దీవిలో దాని పేరు తమోతమో. ఆ దీవివారి భాషకు మలయా దీవుల భాషలతో చుట్టఱికమున్నది. ఒకే దుంపను ఒకే నాగరికతవారు తూర్పునకును పడమటికిని సముద్రములు దాటించిరి. ఎక్కువ బరువు పట్టని దోనెలో, త్రోవ తెలియని ప్రయాణమునకు, వారు ఈ దుంపకు చోటిచ్చిరన్నచో దీని విలువను వారెంతగా ఎఱిగియుండిరో మనము ఊహింపవచ్చును.

మన దేశముననైతే దీని వయస్సు వేల యేండ్లు. హర్యానాలోని ఫర్మానా యనుచోట హరప్పా నాగరికత నాటి కుండలను, మనుష్యుల దంతములను పరీక్షించినవారు అల్లము, పసుపుల పిండిరేణువుల జాడలు కనుగొనిరి. అనగా సుమారు నాలుగున్నర వేల యేండ్ల క్రింద ఒక గృహిణి తన కూరలో అల్లమును పసుపును వేసికొనినదన్నమాట. ఆమె యే భాష మాటలాడెనో మనకు తెలియదు. ఆమె లిపిని ఇంతవఱకు ఎవరును చదువలేకపోయిరి. కాని ఆమె కూరలో నేమి వేసెనో మాత్రము తెలిసినది. అంతకంటె వింత 2020లో బయటబడినది. ఇజ్రాయెల్ దేశమందలి మెగిద్దో యను ప్రాచీన నగరమున సుమారు మూడున్నర వేల యేండ్ల క్రింద పాతిపెట్టబడిన యొక మనుష్యుని పంటిగారలో పసుపు జాడ దొరికెను. ఆ దేశమున పసుపు పండదు. ఆ దుంపయో, ఆ పొడియో ఎన్ని చేతులు మారి అచటికి చేరెనో!

మధ్యయుగమున వెనీసునగర వాసియగు మార్కోపోలో పదమూడవ శతాబ్దిచివర చైనానుండి స్వదేశమునకు మరలుచు మన తీరమును గూర్చియు వ్రాసెను. చైనాలోని ఫూకియన్ సీమలో కుంకుమపువ్వు వలె రంగును వాసనయు గలిగి, కుంకుమపువ్వు కానట్టి యొక వస్తువును తాను చూచితినని అతడు చెప్పెను. అది పసుపేయని కొందఱు పండితులు తలంచిరి. యూరపు జనులు చాలకాలము పసుపును ఇండియా కుంకుమపువ్వనియే పిలిచిరి.

ఆ మార్కోపోలోయే ముత్ఫిలి యను రాజ్యమును వర్ణించెను. అది మన మోటుపల్లి. దుగ్గిరాలనుండి తెనాలి, బాపట్ల, చీరాలలమీదుగా పోయినచో సముద్రపుటొడ్డున ఆ గ్రామము నేటికిని ఉన్నది. కాకతీయుల కాలమున అది గొప్ప రేవు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన పరదేశి వర్తకుల సొత్తును రాజులు దోచుకొను కాలమున, గణపతిదేవ చక్రవర్తి అట్లు చేయనని అభయమిచ్చుచు అచ్చట శాసనము వేయించెను. ఆ రాజ్యమున దొరకు వస్త్రములు సాలెగూడు పోగులవలె నుండునని మార్కోపోలో మెచ్చుకొనెను. పాములతో నిండిన లోయలలో వజ్రములుండుననియు, జనులు పైనుండి మాంసఖండములను విసరగా తెల్లని గ్రద్దలు వజ్రములంటుకొనిన ఆ మాంసమును పైకి తెచ్చుననియు ఒక కట్టుకథను కూడ నమ్మి వ్రాసెను.

మనకు ముఖ్యమైనది మఱొకటి. భర్త మరణించిన పిదప నలువది యేండ్లుగా ఒక రాణి ఆ రాజ్యమును న్యాయముగ పాలించుచున్నదని అతడు కొనియాడెను. ఆమె రుద్రమదేవియని చరిత్రకారులు గుర్తించిరి. ఆమె గణపతిదేవుని భార్య గాదు, కుమార్తె; ఆ చుట్టఱికమును అతడు తాఱుమాఱు చేసెను. అయినను ఆమె వితంతువని యెఱిగియే అతడు ఆమె న్యాయమును శ్లాఘించెనన్న మాట మఱువరాదు. పసుపుకుంకుమలు లేని స్త్రీ ఎదురు రాగూడదని, శుభకార్యమున ముందు నిలువరాదని తరువాతి తరములవారు ఎందఱు తల్లులను గదులలో నుంచిరి! గాయమునకు అద్దిన పసుపు అది ముత్తైదువ గాయమా, వితంతువు గాయమా యని విచారింపదు. పసుపు చేయని భేదమును పసుపు పేర మనుష్యులు చేసిరి.

ఇక రంగు సంగతి. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగునని మన యిండ్లలో పిల్లలకు కూడ తెలియును. దిష్టి తీయు ఎఱ్ఱనీళ్లు, పెండ్లికూతురి కాళ్లకు దిద్దు పారాణి, రెండును ఇట్టివే. పసుపు మరక పడిన చీరకు సబ్బు పెట్టగానే ఆ మరక ఎఱ్ఱబడుటయు అందువలననే. సబ్బునందును సున్నమునందును క్షారగుణ మున్నది. ఈ చిన్న సంగతి విద్యుచ్ఛాస్త్రమునకు తోడ్పడిన కథ వినదగినది. ఇంగ్లండులో మైకేల్ ఫారడే యను మహాశాస్త్రజ్ఞుడుండెను. కమ్మరివాని కొడుకు, పుస్తకములకు అట్టలు కట్టు పనినుండి పైకి వచ్చినవాడు. 1833 ప్రాంతమున అతడు విద్యుత్తు ఉప్పునీటిని ఎట్లు విడదీయునో పరిశోధించుచు, క్షారమెచ్చట పుట్టుచున్నదో తెలిసికొనుటకు పసుపునీట తడిపిన కాగితములను వాడెను. కాగితము ఎఱ్ఱబడినచోట క్షారమున్నదని నిశ్చయము. నేడు మన యింట దీపము వెలుగుటకు పునాదియైన పరిశోధనలలో పారాణి రహస్యమునకు కూడ చోటున్నదన్నమాట.

పసుపులోని రంగు పదార్థమును 1815లో ఫ్రాన్సు దేశమున వేఱుచేసి కుర్‌క్యుమిన్ అని పేరిడిరి. దాని నిర్మాణమును 1910లో తేల్చి ప్రకటించిన మువ్వురిలో మొదటి పేరు మిలోబెడ్జ్‌కా అను పోలెండు వనితది. ఆ రంగు ఎండకు నిలువదు. మరక పడిన చీరను ఉతికి ఎండలో వేసిన మరక వెలియును. ఎండిన పసుపును గాలి వెలుతురు చొరని డబ్బాలో ఉంచవలెనని మన పెద్దలు చెప్పుటయు అందుకే.

ఇప్పుడు వింతలలో కెల్ల వింత. 1995 మార్చి నెలలో అమెరికా ప్రభుత్వము మిసిసిపి విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు ఒక పేటెంటు నిచ్చెను. పేటెంటనగా ఒక క్రొత్త సంగతిని కనుగొన్నవారికి, వారి యనుమతి లేనిదే ఇతరులు దానిని వ్యాపారమునకు వాడరాదని ప్రభుత్వ మిచ్చు హక్కు. ఇంతకును వారు కనుగొన్న క్రొత్త సంగతి యేమనగా, పసుపు గాయములను మాన్పునని! కూరలు తఱుగుచు వ్రేలు కోసికొన్నప్పుడు డబ్బాలోనుండి చిటికెడు పసుపు తీసి అద్దని యాడది తెలుగునాట నుండునా? అయినను 5,401,504 అను సంఖ్యతో ఆ హక్కు నమోదయ్యెను.

ఇది యెట్లు జరిగెనని సోదరీమణులు ఆశ్చర్యపడవచ్చును. ఆనాటి అమెరికా శాసనము ప్రకారము, పరదేశమున జనులందఱు ఎఱిగి ఆచరించుచున్న సంగతియైనను, అది అచ్చుపడిన కాగితమున కనబడిననేగాని తెలిసిన సంగతిగా లెక్కింపబడదు. నోటిమాటకు అచట సాక్ష్యబలము లేదు. అవ్వ అమ్మకు, అమ్మ కూతురికి చెప్పిన వేయి తరముల విద్య ఆ కార్యాలయపు లెక్కలో సున్న.

అప్పుడు మన దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి పూనుకొనెను. అప్పటి దాని డైరెక్టరు జనరల్ రఘునాథ్ మషేల్కర్. 1996లో వారు ఆ పేటెంటును తిరిగి విచారింపుమని కోరి, సంస్కృతము, హిందీ, ఉర్దూ గ్రంథములనుండి 32 ఆధారములను చూపిరి. వానిలో కొన్ని నూఱేండ్లకు పైబడినవి. 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వెలువడిన యొక వ్యాసమును అందులో చేర్చిరి. 1997 ఆగస్టులో అమెరికా కార్యాలయము ఆ సంగతి క్రొత్తది కాదని అంగీకరించి పేటెంటును రద్దు చేసెను. ఒక బీదదేశము తన సంప్రదాయ విద్యను గూర్చి అట్టి పేటెంటును ఎదిరించి గెలిచిన తొలి వ్యాజ్యములలో నిది యెన్నదగినది. ఆ పాఠమువలననే 2001 మొదలు మన ప్రభుత్వము ఆయుర్వేదాది గ్రంథములలోని ఔషధయోగములను అన్యభాషలలోనికి మార్చి భాండాగారముగా కూర్చుచున్నది.

గెలుపు సంతోషకరమే. కాని మనము గమనింపవలసిన దొకటున్నది. వ్యాజ్యమును గెలిపించినది అవ్వ నోటిమాట కాదు. ఎవరో వ్రాసి పెట్టిన కాగితము. వ్రాయబడని విద్య మాటయేమి? బాలింతకు పెట్టు కాయము పాళ్లు, పసిబిడ్డ కడుపునొప్పికి వేయు ఆకు, ఊరగాయ చెడకుండ చేయు ఉపాయము - ఇట్టివెన్నో చేతినుండి చేతికి వచ్చినవేగాని పుస్తకమున కెక్కలేదు. ఇంటి పెద్దావిడ కన్నుమూసిన దినమున ఆ గ్రంథాలయము మూతబడుచున్నది.

మఱొక కథ పసుపు చాటుననున్న ప్రమాదమును తెలుపును. బంగ్లాదేశపు పల్లెలలో గర్భవతుల రక్తమున సీసము మితిమీరి యుండుట పరిశోధకులు కనుగొనిరి. సీసము గర్భస్థశిశువు మెదడునకు హాని చేయు విషము. కర్మాగారములు లేని పల్లెలలో అది యెచ్చటినుండి వచ్చెను? మన్ను చూచిరి, పాత్రలు చూచిరి. తుదకు 2019లో అది పసుపునుండి వచ్చుచున్నదని తేలెను. 1980ల నాటి వఱదలలో పసుపు తడిసి రంగు చెడగా, మెఱుగు పట్టునపుడు సీసపు క్రోమేటను పచ్చని రంగుపొడి చల్లుట మొదలై అలవాటుగా మాఱెను. కొనువారు మెఱుపునే కోరిరి. అమ్మువారు మెఱుపునే అమ్మిరి. నిజము వెల్లడియైన పిమ్మట ప్రభుత్వము పత్రికలలో ప్రకటించి, టోకు వర్తకులను శిక్షింపగా, 2019లో నూటికి 47 మచ్చులలో కనబడిన సీసము 2021 నాటికి ఒక్కదానను కనబడలేదు. రెండేండ్లలో ఒక దేశము ఇంత మేలు చేసికొనుట కూడ చరిత్రలో వింతయే. మనము గ్రహింపదగిన నీతి సులభము: కన్నులు జిగేలుమనిపించు పసుపు మంచి పసుపని నమ్మరాదు. వీలైనంతవఱకు కొమ్ములను తెచ్చుకొని, విఱిచి చూచి, ఇంటిలోనో తెలిసిన మరలోనో పొడి చేయించుకొనుట మేలు.

ఇక రైతు మాట. 2019 ఏప్రిలులో నిజామాబాదు లోకసభ స్థానమునకు 185 మంది పోటీచేసిరి. వారిలో నూటడెబ్బదికి పైగా రైతులు. పసుపునకు గిట్టుబాటు ధర లేదనియు, పసుపు మండలి కావలెననియు దేశమునకు చాటుటకై వారు నామపత్రములు వేసిరి. ఓటు యంత్రములు చాలక ఒక్కొక్క కేంద్రమున పండ్రెండు పలకలను జతపఱుపవలసి వచ్చెను. వారిలో నెవరును గెలువలేదు. కాని 2025 జనవరిలో జాతీయ పసుపు మండలి నిజామాబాదులోనే నెలకొల్పబడినది. దుగ్గిరాల రైతు కష్టమును అట్టిదే. తొమ్మిది నెలలు భూమిలో నుండిన పంటకు, ఒక్క ఉదయమున యార్డులో పలికిన ధరయే ఫలము. ఆ ధర యొక యేడు ఇల్లు కట్టించును. మఱొక యేడు అప్పు మిగుల్చును.

కావున తెనాలి వైపు ప్రయాణము చేయు సోదరీమణులు, వీలుచిక్కినచో, మాఘఫాల్గుణములలో నొకనాడు దుగ్గిరాలలో దిగి చూడవలెనని మనవి. అచట చూడదగిన కోటలు లేవు, గోపురముల గొప్పలు లేవు. కళ్లములలో ఆరుచున్న కొమ్ములు, గాలిలో నిండిన వాసన, పచ్చబడిన చేతులతో పనిచేయు స్త్రీలు, వీరే అచటి వింత. ఇంటికి వచ్చిన పిమ్మట ఒక నోటుపుస్తకము తెఱచి, అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చుండబెట్టి, పసుపు మొదలు పథ్యము వఱకు ఆమె యెఱిగినదంతయు, పాళ్లతో సహా, ఆమె మాటలలోనే వ్రాసికొనుడు. ఆ పుటపై ఆమె పేరును, వ్రాసిన తేదీని వేయుట మఱువకుడు.